చంద్రకాంతమ్మ అసలు వయసు

మా ఎదురింటి చంద్రకాంతమ్మ తన మొగుడు చెంగయ్య కన్నా రెండేళ్లు పెద్దది. పొలం చీలిపోకూడదని మేనరికం ముడిపెట్టారు పెద్దవాళ్లు. పెళ్లికూతురే పెద్దదంటే కార్వేటినగరమంతా నవ్వుతుందని వయసు తగ్గించి చెప్పారు. ఆధార్ తీసేటప్పుడూ చెంగయ్య అదే పాట పాడాడు. పెళ్లాన్ని తనకన్నా మూడేళ్లు చిన్నదాన్ని చేసి రాయించాడు. మీసమున్నవాడు కదా!

ఈ మధ్య చంద్రకాంతమ్మకు ఆయాసం ఎక్కువైంది. గుండెలో వాల్వు మార్చాలన్నారు తిరుపతి డాక్టర్లు. మామిడితోట ఉందని వాళ్లకు పేదల కార్డు లేదు. డెబ్బై నిండినవాళ్లకైతే ఆస్తి చూడకుండా ఉచితంగా వైద్యం చేయించే కొత్త కార్డు వచ్చిందని విని గ్రామ సచివాలయానికి బయలుదేరారు. తోడుగా నేనూ వెళ్లాను.

అక్కడ కంప్యూటర్ ముందున్న నవీన ఇద్దరి ఆధార్లూ చూసింది.

"తాతా, నీకు కార్డు వస్తాది. అవ్వకు ఇంకా రెండేండ్లు ఆగాల."

"నాకెందుకు పాపా? నేను గుండ్రాయి మాదిరి ఉండాను" అన్నాడు చెంగయ్య.

"ఆగమని ఆమె గుండెకు చెప్పు పాపా, వింటుందేమో" అన్నాను.

ఆస్తి అడగడం మానేశారు, సంతోషం. మరి ఈ డెబ్బై గీత ఎందుకు? జబ్బు ఆధార్ చూసుకుని వస్తుందా?

"వయసు తప్పు పడిందా అవ్వా? బడి కాయితం తెస్తే మార్చుకోవచ్చు" అంది నవీన.

పింఛన్ల కోసం వచ్చిన జనం మా వైపే చూస్తున్నారు. చెంగయ్య మీసం తడుముకున్నాడు. చంద్రకాంతమ్మ లేచింది.

"పదయ్యా పోదాం. నీ మీసం దించి నేను బతకబల్లేదు."

నాలుగడుగులు వేసిందో లేదో, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి అందడం లేదు. చెంగయ్య ఆమె వీపు నిమిరి, నవీన వైపు తిరిగాడు.

"తప్పు పడలా పాపా, నేనే తప్పు చెప్పినాను. ఈమె నాకన్నా రెండేండ్లు పెద్దది. నేను ఒకటో తరగతిలో ఉంటే ఈమె మూడు."

గదంతా గొల్లున నవ్వింది. పింఛనుకు వచ్చిన కుప్పయ్య ఊరుకుంటాడా?

"అందుకేనా చెంగయ్యా, ఇన్నేండ్లూ ఇంట్లో నోరెత్తలా?"

"నీ పెండ్లాం చిన్నదే గదబ్బా, నువ్వెప్పుడు ఎత్తినావు?"

చంద్రకాంతమ్మకూ నవ్వు ఆగలేదు. ఎద పట్టుకుని మొగుణ్ని కసిరింది.

"నవ్వించి సంపుతావా? బడి మూసేస్తారు, ఆ కాయితం సంగతి సూడు పో!"

చెంగయ్య చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బడి వైపు నడిచాడు.