పదింటి క్యారేజీ

నేర్పడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే, తిట్టడం. కడియం దగ్గర మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణ కోసం వచ్చిన కుర్ర డాక్టరు ఆ ఏడాది నా చేత బాగానే తిట్లు తిన్నాడు. పాపం, ఒక్కసారీ మొహం ముడుచుకోలేదు.

ఒక సోమవారం, మొక్కల నర్సరీలో అంట్లు కట్టే ఆమె షుగరు చూపించుకోవడానికి వచ్చింది. ఎక్కువే ఉంది. అతను మాత్ర మోతాదు పెంచి, "టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోండమ్మా" అన్నాడు. బయట వరుస గేటు దాకా ఉంది. నేను చీటీ చూసి సంతకం పెట్టేశాను.

గురువారం పొద్దున్నే ఆమెను మొక్కలు తోలే ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకడం లేదు. షుగరు బాగా పడిపోయింది. అతనే గ్లూకోజు ఎక్కించాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, మొక్కలకి నీళ్ళు పెట్టారా అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది.

"ఆవిడ ఎన్నింటికి తింటుందో అడిగావా?" అన్నాను, అందరి ముందే.

మంచం మీద నుంచి ఆమే జవాబు చెప్పింది. "ఆయన్నేం అనకండమ్మా. ఆరింటికల్లా పనిలో ఉండాలి కదండీ. మాత్రేసుకుని బయల్దేరతాను. పదింటికి క్యారేజీ విప్పుతాం. అదేనండి మా టిఫిను."

ఆ క్యారేజీలు సైకిళ్ళకి వేలాడుతూ పోవడం ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నదాన్నే. ఆమె చీటీల పుస్తకం వెనక్కి తిప్పాను. రెండేళ్ళ కిందటి పేజీలో, టిఫిన్‌కి ముందు అని నా చేతిరాతే ఉంది.

"ఇంతకుముందు కళ్ళు తిరిగేవి కాదా?"

"తిరిగేవండి. కాసేపు కూర్చుంటే సర్దుకునేది. మీ దగ్గర ఎప్పుడూ అంత జనం. ఇంతోటిదానికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదండి."

సిగ్గేసింది. తప్పు ముందు నాదేనని అతనితో అన్నాను, అదీ అందరి ముందే. సాయంత్రం దాకా ఆమెను కదలనివ్వలేదు. వెళ్ళేటప్పుడు అతను మోతాదు తగ్గించి, "మాత్ర కూడా క్యారేజీతోనే పట్టుకెళ్ళండమ్మా. తినబోయే ముందు వేసుకోండి" అని చెప్పాడు.

మర్నాడు మొదట వచ్చిన మనిషిని అతను, "పొద్దున్న ఎన్నింటికి తింటారండి?" అని అడిగాడు. నా కుర్చీ అతని పక్కకు జరుపుకున్నాను. ఆ రోజంతా అతను అడిగాడు, నేను రాసుకున్నాను.