అక్షరాలు పెరిగే పలక

మస్కట్ నుంచి మనిషి వచ్చాడంటే, తెచ్చిన సంచి విప్పేదాకా మా వాడకట్టులో ఎవరికీ కాలు నిలవదు. మా ఆయనతో ఒకే క్యాంపులో ఉండే పక్కింటి అన్న ఆ ఏడు సెలవు మీద కోరుట్లకు వచ్చి, మాకు పంపిన సామాను తెచ్చి ఇచ్చాడు. సబ్బులు, తలనొప్పి మందు, ఖర్జూరాలు, ఒక దుప్పటి. అన్నీ ఎరిగినవే. అడుగున మాత్రం బూడిద రంగు పలక ఒకటి ఉంది. అటు తిప్పితే ఫోన్ కాదు, ఇటు తిప్పితే టీవీ కాదు. ఫోటో పెట్టుకునే అద్దమేమో అనుకుంటే ఫోటో దూర్చే సందు ఎక్కడా లేదు.

“గిదేందే? వాడు గంత దూరం పొయ్యి బడిపోరగాండ్ల పలక పంపిండా?” అంది మా అత్తమ్మ.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. “అది పుస్తకాలు చదివే మిషిన్. నా రూముల దోస్తు కంప్యూటర్ పని తెలిసినోడు. తెలుగు నవలలు ఎక్కించి ఇచ్చిండు. నీకు చదువుడంటే పాణం గదా.”

“మరి పుస్తకాలేవి?”

“దాంట్లనే ఉన్నయే!”

ఫోన్ పెట్టేశాక కూడా నేను సంచి అడుగు మళ్లీ ఒకసారి తడిమి చూశాను.

నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో, సాంచాలు నడిచే ఇంట్లో. ఆ మగ్గాల మోతలో పక్కన కూర్చున్నవాళ్ల మాట కూడా వినపడదు. అందుకని చిన్నప్పుడే నోరు మూసుకుని చదవడం అలవాటైంది. పల్లీల పొట్లం విప్పి, కాగితం సాపు చేసి, అందులో ఉన్న సగం కథ చదివి మిగతా సగం నేనే అల్లుకునేదాన్ని. అట్లాంటి దానికి అలమారలో పట్టనన్ని పుస్తకాలు ఒక్క పలకలో పెట్టి ఇస్తే సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. కరెంటు పోయినప్పుడు ఫోన్ లాగా వెలుగుతుందని చీకట్లో తెరిచి చూశాను. అది వెలగలేదు. చెడగొట్టాననే అనుకున్నాను. తెల్లారి ఎండలోకి తెస్తే అక్షరాలు పుస్తకంలో అచ్చువేసినట్టు నల్లగా, నిబ్బరంగా కనిపించాయి. కరెంటు మిషన్ అయ్యుండి చదవడానికి సూర్యుడు కావాలనడం ఏం లెక్కో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కానీ రెండు మూడు రోజుల్లోనే దానికి అతుక్కుపోయాను. అన్నం ఉడికేలోపు ఒక పేజీ, నల్లా నీళ్లు వచ్చేలోపు ఒక పేజీ. చేతిలో ఇంత సుఖం ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే పెళ్లికి చీరకు బదులు అదే అడిగేదాన్ని.

మాది బీడీలు చుట్టే ఇల్లు. మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్లంతా చాటల్లో ఆకు, తంబాకు పెట్టుకుని మా వాకిట్లోకి వస్తారు. చేతులు బీడీల మీద, చెవులు కథ మీద. చదివేది నేను. చదివేవాళ్ల చేతులు ఆగిపోతాయి కాబట్టి తలా కొన్ని బీడీలు చుట్టి వాళ్ల చాటలో వేయాలన్నది మా దగ్గరి కాయిదా. పలక వచ్చాక కూడా అదే నడిచింది. చిక్కల్లా ఒక్కటే. ఇదివరకు “ఇంకెంతున్నదే కథ?” అని అడిగితే పుస్తకం దళసరి చూపించేదాన్ని. ఇప్పుడేం చూపించాలి? పలక అడుగున నూటికి ఎంత అయిందో ఒక అంకె పడేది. నూటికి నలభై అయిందని చెబితే పక్కింటి వదిన, “గట్లయితే పాసైనట్టే!” అంది.

మేం చదువుతున్న నవల అక్కాచెల్లెళ్ల కథ. ఒక బర్రె దగ్గర తగువు వచ్చి ఏళ్లకేళ్లు మాటలు బంద్ చేసుకుంటారు. వింటున్నవాళ్లలో సగం మంది అక్క దిక్కు, సగం మంది చెల్లె దిక్కు చేరి, నేను నీళ్లు తాగేంతలో వాళ్లలో వాళ్లు తగువు పెట్టుకునేవారు.

ఏ దిక్కూ చేరనిది మా అత్తమ్మ ఒక్కతే. గోడకు ఆనుకుని, తల వంచుకుని బీడీలు చుడుతూ మధ్యలో ఒక చురక వేసేది. “చదవేస్తే ఉన్న మతి పోయిందట. కూర మాడినా సోయి లేదు, పలక వట్టుకొని కూసున్నది.” చదువుకున్న ఆడవాళ్లంటే ఆమెకు మొదటి నుంచీ అదో రకం చూపు. ఆమెకు చదువు రాదని ఊరంతటికీ తెలుసు. కార్ఖానాలో ఆమె వేలిముద్ర వేయడం నేను కళ్లారా చూశాను. అన్ని మాటలన్నా తన చోటు నుంచి మాత్రం లేచేది కాదు.

కొన్నాళ్లకు పలకకు ఏదో అయింది. చుట్టిన బీడీలు పొద్దున్నే కార్ఖానాలో అప్పజెప్పాలి. అంతకుముందు అత్తమ్మే పోయేది, నలుగురితో మాట్లాడి వచ్చేది. మోకాళ్లు గుంజుతున్నాయని ఆ మధ్య నన్ను పంపడం మొదలుపెట్టింది. వచ్చి, వండి, మధ్యాహ్నం పలక తెరిస్తే అక్షరాలు ఇంతింత! పేజీకి నాలుగు లైన్లు కూడా లేవు. పైగా నేను ఆపిన చోట కథ లేదు. నిన్న చెల్లె ఇంకా అలిగి పంచలోనే ఉంది. ఇవాళ తెరిస్తే బర్రె ఈనింది. నడుమ ఏం జరిగిందో తెలియక వెనక్కి వెనక్కి నొక్కుతూ ఉంటే ఆడవాళ్లు విసుక్కునేవారు. అక్షరాలు తగ్గించి, చోటు వెతికి, చదివి మూసి పెడితే మర్నాడు మళ్లీ అదే వరస. నిద్రలో నేనే నొక్కుతున్నానా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

బయట లోకం కూడా అట్లాగే ఉంది. తెలంగాణ వచ్చిందని ఒకరోజు పటాకులు కాల్చారు. రాలేదని తర్వాత బస్సులు ఆపారు. మళ్లీ వస్తుందన్నారు, కాదు కమిటీ అన్నారు. ముందుకు పోతున్నామో వెనక్కి పోతున్నామో చెప్పేవాళ్లు లేరు. పొద్దున ర్యాలీలో అరిచి వచ్చి మధ్యాహ్నం ఈ పలక పట్టుకుంటే ఇదీ అంతే. నా బతుకంతా ఆగమాగమైంది.

బంద్ లేని రోజు చూసి జగిత్యాల పోయి, బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణంలో చూపించాను. దుకాణందారు అట్లాంటిది ఎప్పుడూ చూడలేదని వాలకం చూస్తేనే తెలిసింది. అయినా ఒప్పుకుంటే దుకాణం పరువేం కావాలి? చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, “వైరస్ అచ్చిందక్కా” అన్నాడు.

ఇంటికొచ్చి అదే మాట చెప్పాను. అత్తమ్మ చేతిలో కత్తెర ఆగింది.

“వైరస్ అంటే రోగమా?”

“గసొంటిదే అత్తమ్మా.”

“అంటుకుంటదా?”

“మనుషులకు కాదు, మిషిన్లకు.”

ఆమె పలక వంక ఒకసారి చూసి మళ్లీ ఆకు కత్తిరించసాగింది. చురక కూడా వేయలేదు. నాకు అది కూడా వింతగానే తోచింది.

మా ఆయనకు ఫోన్ చేస్తే, “వాపస్ పంపు. అన్న పోతున్నడు గదా, ఆయనకిచ్చి పంపు. దుకాణంల చూపిస్త. వాళ్లు బాగు చేస్తే చేస్తరు, లేకుంటే లేదు” అన్నాడు. లేకుంటే లేదు అన్న మాట నాకు ముల్లులా దిగింది. అంత దూరం పోయినది మళ్లీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు. పెళ్లయ్యాక నాదీ అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. అయినా చెడిపోయినదాన్ని పట్టుకుని ఏడ్చి లాభమేముంది? తువ్వాలలో చుట్టి, వచ్చిన డబ్బాలోనే సర్ది అర మీద పెట్టాను.

అన్న బయలుదేరాల్సిన రోజు బంద్ పడింది. హైదరాబాద్ పోయే దారి లేక టికెట్ వెనక్కి జరుపుకున్నాడు. పలక ఇంకొన్నాళ్లు మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ బంద్ రోజున బీడీల ఆడవాళ్లంతా రోడ్డు మీదే కూర్చుని బీడీలు చుట్టాలని పిలుపు వచ్చింది. అంతకు ముందు ఒకనాడు మంగలివాళ్లు రోడ్డు మీదే గడ్డాలు గీశారు, ఇంకొకనాడు ఊరంతా అక్కడే వండుకు తిన్నది. ఇప్పుడు మా వంతు. చాటలు పట్టుకుని బయలుదేరుతుంటే పక్కింటి వదిన ఆపింది. “ఆ పలక గూడ పట్టుకరా. అది పొయ్యేలోపల కథ ఒడగొట్టు. లేకుంటే మాకు అన్నం సయించది.”

డబ్బా విప్పాను. అక్షరాలు మళ్లీ పెద్దవే. మూసిన డబ్బాలో కూడా రోగం ముదురుతుందన్నమాట అనుకున్నాను.

“జై తెలంగాణ” అని కాసేపు, కథ కాసేపు. చివరికి చెల్లె మనసు మార్చుకుంటుంది. బర్రె ఈనింది కదా, జున్నుపాలు గిన్నెలో పోసుకుని అక్క దగ్గరికి బస్సెక్కుతుంది. బస్సులో కండక్టర్ “ఒలకవొయ్యకమ్మా” అంటాడు, “ఒలికితే నీ టికెట్ పైసలు ఎగ్గొడుత” అని చెల్లె అంటుంది. వింటున్నవాళ్లంతా పకపకా నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఎవరో వెక్కిన చప్పుడు. చూస్తే మా అత్తమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

“ఏమైందత్తమ్మా?”

“ఏం లేదు. తంబాకు ఘాటెక్కింది” అంది.

నేను బొత్తాం నొక్కాను. తర్వాతి పేజీలో చెల్లె బస్సు దిగి పోయేసరికి అక్క ఇంటి ముందు జనం ఉన్నారు, నడుమ అక్కను పడుకోబెట్టారు. రోడ్డు మీద అంతమందీ గొల్లుమన్నారు. కాపలాకు నిలబడ్డ పోలీసు ఏమైందోనని దగ్గరికొచ్చాడు. అందరూ ఏడుస్తున్నప్పుడు అత్తమ్మ ఒక్కతే ఏడుపు అయిపోయినదానిలా తల వంచుకుని బీడీ చుడుతోంది.

అనుమానం రాలేదా అంటే వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తంబాకు ఒడిలో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ పూటే ఘాటెక్కడమేమిటి? కానీ వేలిముద్ర వేసే మనిషి కథలో నాకంటే ముందు ఎట్లా ఉంటుంది? ఎన్నిసార్లు ముడి విప్పినా చివర రెండు కొసలూ చేతికి దొరకలేదు. ఇంటికొచ్చి పలకను మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

అన్న పోయే రోజు రానే వచ్చింది. ర్యాలీలు మొదలుకాక ముందే ఊరు దాటాలని పొద్దున్నే కారు మాట్లాడుకున్నాడు. మా గుమ్మం ముందు కారు ఆపి, “చెల్లె, సామానియ్యి” అని పిలిచాడు. నేను అర మీది డబ్బా అందుకున్నాను. తేలిగ్గా ఉంది. విప్పితే తువ్వాల ఒక్కటే ఉంది.

ఇల్లంతా వెతికి పెరట్లోకి పోయాను. అప్పుడే పడుతున్న ఎండలో, నీళ్ల గోలెం పక్కన, అత్తమ్మ పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్షరాల కింద వేలు జరుపుతోంది. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి దాచలేదు. దాచే వేళ దాటిపోయింది.

“దీన్ని పంపకు పిల్లా. దీనికేం రోగం లేదు. అక్షరాలు పెద్దగ చేసింది నేనే.”

“నీకు చదువొస్తదా అత్తమ్మా?”

“మూడో తరగతిల బడి మాన్పిచ్చి బీడీలకు కూసుండవెట్టిండ్లు. పెండ్లయి, పిల్లలు వెరిగినంక ఓపాలి పుస్తకం వట్టుకుంటె అన్ని చీమలు పాకినట్టె కొట్టింది. చదువు వోయింది అనుకున్న. కండ్లు వోయినయని తెల్వలే.”

“కండ్లద్దాలు పెట్టుకోకపోయినవా?”

“అద్దాలు చదువుకున్నోళ్లకు గదా!”

బయట కారు హారన్ కొట్టింది. ఆమె గబగబా చెప్పుకుపోయింది. “ఓనాడు దుమ్ము తుడుస్తుంటె వేలు తాకింది. అక్షరాలు ఇంతింత అయినయి. చూస్తె ‘అక్క’ అని ఉన్నది. నేనే చదివిన, ఎవ్వలు చెప్పలే. ఇగ ఆగలేకపోయిన.”

“నాకు చెప్తే ఏమైతుండె?”

“నిన్ను గన్ని మాటలంటి. ఏ మొకం వెట్టుకొని చెప్పాలె?” పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. “పెద్దగ చేసుడు దొరికింది గని, మల్ల చిన్నగ చేసుడు దొరకలే. దొరికితె నీకు తెల్వకనే పోతుండె.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు నవ్వు రావాలి. ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని వీధిలోకి పోయి, “సామానేం లేదన్నా, నువ్వు పో” అన్నాను. మిషన్ ఏమైందని ఆయన అడిగాడు. “బాగైంది” అన్నాను. ఎట్లా బాగైందో వినడానికి ఆయనకు టైం లేదు.

ఆ మధ్యాహ్నం వాకిట్లోకి ఆడవాళ్లు వచ్చారు. కొత్త నవల తెరిచాను. అక్షరాలు తగ్గించలేదు. ఒక పేజీ చదివి, ర్యాలీలో అరిచి గొంతు పోయిందని చెప్పి, పలకను అత్తమ్మ ఒళ్లో పెట్టాను. అందరూ నా వంక, ఆమె వంక మార్చి మార్చి చూశారు. ఆమె నా వంక చూసింది, తిట్టబోతుందేమో అనుకున్నాను. తర్వాత వేలు అక్షరం కింద పెట్టి, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. ఆగిన కత్తెరల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆమె చాటలో ఆకు అట్లాగే ఉండిపోయింది. నేను నా చాటలోంచి చుట్టిన బీడీలు కొన్ని తీసి ఆమె చాటలో వేశాను.