కబడ్డీ కోర్టుకి కర్ణాలు

మా స్కూలు ఆటస్థలానికి ఒక పక్క ప్రహరీ గోడ, ఎదురు పక్క కాలవ గట్టు. నిడదవోలు చుట్టుపక్కల ఊళ్లలో ఏదైనా కాలవని పట్టుకునే చెబుతారు. ఇల్లు కాలవకి ఇవతల, పొలం అవతల, దారి కాలవ వారగా. ఆ కాలవ తిన్నగా ఉందా అని ఎవరూ అడగరు. అడిగితే మనల్నే వింతగా చూస్తారు.

నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. పిల్లలు రెండూ గడగడా అప్పజెబుతారు. సమాంతర రేఖలంటే ఏంటర్రా అంటే, ఎంత దూరం పొడిగించినా కలవని రేఖలండి అని గది అదిరిపోయేలా అరుస్తారు. బోర్డు మీద రెండు గీతలు గీసి ఇవి సమాంతరమేనా అంటే మాత్రం గీతల్ని వదిలేసి నా మొహం చూస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ ఏడు మండల స్థాయి ఆటల పోటీలు మా స్కూల్లో పెడతామన్నారు. కబడ్డీ కోర్టు గీసే పని మా ఆటల మాస్టారు నా క్లాసుకి అప్పగించారు. కోర్టు సరిగ్గా లేకపోతే పోటీలు పక్క ఊరికి మార్చేస్తామని పైవాళ్లు ముందే చెప్పారట. మిగతా పిల్లలకి అదేం పెద్ద విషయం కాదు, ఆటో ఎక్కి పోతారు. చిక్కంతా మా ఆడపిల్లల జట్టు కెప్టెన్‌తోనే. వాళ్లమ్మ కువైట్‌లో పని చేస్తోంది, పిల్లని మామ్మ పెంచుతోంది. ఆ మామ్మ మనవరాలిని ఊరు దాటనివ్వదు. నేను ఇంటికెళ్లి అడిగితే కాఫీ ఇచ్చి మరీ మర్యాదగా కాదంది.

"దానికేమన్నా అయితే వాళ్లమ్మకి నేనేం చెప్పుకోనండి?" అంది.

కాఫీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. పోటీలు మా ఊళ్లో జరిగితేనే ఆ పిల్ల ఆడుతుంది, లేకపోతే లేదు.

కోర్టు చూడ్డానికి అధికారులు వచ్చే రోజు పొద్దున్నే పిల్లలు పురికొస, వెదురు పుల్లలు, బుట్టెడు సున్నం పట్టుకుని దిగారు. ఒక పొడుగు గీతని గోడ నుంచి కొలిచి గీశారు. రెండోదాన్ని కాలవ గట్టు నుంచి కొలిచారు. గోడా తిన్నగానే ఉంది, కాలవా తిన్నగానే ఉంది, ఇంక చూసేదేముంది అనుకున్నారు. తీరా చూస్తే కోర్టు ఒక చివర వెడల్పు, ఇంకో చివర ఇరుకు. ఒక జట్టుకి ఎకరం పొలం, రెండో జట్టుకి పెరడు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఇదేం ఆకారమర్రా అన్నాను. ట్రెపీజియం అండి అన్నారందరూ. పుస్తకంలో తప్ప ఎక్కడా చూడనిదాన్ని సొంతంగా తయారు చేసినందుకు మొహాలు వెలిగిపోయాయి. పెద్ద వైపు మనం తీసేసుకుందామండి అని ఒకడు సలహా కూడా ఇచ్చాడు.

కెప్టెన్ మాత్రం నవ్వలేదు. గట్టెక్కి, కాలవ పొడుగునా చూసి దిగొచ్చి, "కాలవే వంకరండి" అంది.

అందరం దాని పక్కనే బతుకుతున్నాం, అంతవరకూ ఎవరం ఆ మాట అనుకోలేదు. మరి దీర్ఘచతురస్రం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి అని అడిగాను. పుస్తకాల కోసం పరిగెత్తబోయిన వాళ్లని ఆపాను. కాసేపు గొణుక్కున్నారు. ఎదురెదురు భుజాలు సమానం అవ్వాలన్నారు కొందరు. కర్ణాలు కూడా సమానం అవ్వాలంది కెప్టెన్. ఈసారి ఎవరూ నా మొహం చూడలేదు. అందుకు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

ముందు భుజాలు సరిచేశారు. తర్వాత పురికొసని ఒక మూల నుంచి ఎదుటి మూలకి లాగి, అక్కడ ముడి వేసి, అదే తాడుని రెండో కర్ణం మీద లాగారు. ముడి అందలేదు. పుల్లలు జరిపారు. ఈసారి దాటిపోయింది. భోజనం బెల్లు కొట్టినా ఒక్కరూ కదల్లేదు. చివరికి ముడి సరిగ్గా మూల పుల్ల దగ్గరకొచ్చి కూర్చుంది. క్లాసంతా గెంతింది. నేనూ గెంతినట్టున్నాను, చెప్పు తెగింది. సాయంత్రం అధికారులు టేపు పట్టి చూసి, తలూపి వెళ్లారు.

పోటీల రోజు మామ్మ కోర్టు పక్కనే నిలబడి చూసింది. మా జట్టు రెండో ఆటకే ఇంటిదారి పట్టింది కానీ, మా కెప్టెన్‌ని డివిజన్ జట్టుకి ఎంపిక చేశారు. ఆ ఆటలు కొవ్వూరులో. రైలెక్కి వెళ్లాలి. ఆ పిల్ల తల దించుకుని నిలబడింది, అడగడానికే భయం. మామ్మ మనవరాలి మోకాళ్లకి అంటిన సున్నాన్ని కొంగుతో తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"కొవ్వూర్లో కూడా ఇంత తిన్నగా గీస్తారాండి?"

గీయకపోతే, నేనూ వెంట వెళ్తాగా, మేమే గీసుకుంటామన్నాను.

ఆవిడ రెండో మోకాలు కూడా తుడవడం పూర్తి చేసింది.

"రైల్లో దీన్ని మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. కిటికీ దగ్గర మాత్రం వద్దు" అంది.