గేట్ బజార్‌లో హార్డ్ డిస్క్ ఊరేగింపు

ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, ఆ రోజుల్లో మా బరంపురం ఇంట్లో కంప్యూటర్‌కి జరిగిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగలేదు. దానికి కుట్టుపూల ముసుగు, దాని గదిలోకి చెప్పులు నిషిద్ధం, పైగా చిన్నాన్న కాపలా. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒకసారి పెన్ డ్రైవ్‌ని చటుక్కున లాగేసి, తయారు చేసుకున్న పరీక్ష పేపర్లన్నీ పోగొట్టుకుని, మళ్లీ మొదటినుంచీ ఒంటి వేలితో టైపు చేసుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో ఒక శాసనం అమలైంది: తెర మూలనున్న బొమ్మ నొక్కి, ఇక తీసుకోవచ్చు అని కంప్యూటర్ స్వయంగా సెలవిచ్చేదాకా దేన్నీ లాగకూడదు. "పర్మిషన్ నేకుండా లాగినావంటే సెయ్యి ఇరగ్గొట్టెస్తాను" అనేవాడు నాతో. (ఆయన జీవితంలో చీమను కూడా కొట్టలేదు. అయినా నేను భయపడేదాన్ని.)

అప్పుడే నా డిగ్రీ అయింది. తాతయ్య ఎనభయ్యో పుట్టినరోజుకి గేట్ బజార్ అవతల ఒక హాలు మాట్లాడారు. చుట్టాల ఇళ్లలోని పాత ఫొటోలన్నీ పెద్ద తెర మీద వేద్దామని నేను ఉబలాటపడ్డాను. తెచ్చి, స్కాన్ చేసి, ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేశాం. కంప్యూటర్‌లో చోటు చాలక అన్నీ బయట తగిలించే హార్డ్ డిస్క్‌లోనే దాచాను. ఆ ఫొటోల్లో ఒకటి సోనేపూర్‌లో దూరపు బంధువుల పెట్టె అడుగున దొరికింది. అది తాతయ్య వాళ్లమ్మ ఫొటో. ఆయనకు ఊహ తెలియకముందే ఆవిడ పోయారట, మొహం కూడా గుర్తులేదు. ఈ ఫొటో సంగతి ఆయనకి తెలియకుండా నేను, చిన్నాన్న, గిరిసోల నుంచి వచ్చిన మేనత్త, ముగ్గురమే రహస్యంగా ఉంచాం. (అత్త రహస్యంగా ఉంచడమంటే మా వీధికీ పక్క వీధికీ మాత్రమే చెప్పడం.)

ఆ సాయంత్రం అందరూ ముందే హాలుకి వెళ్లిపోయారు. మేం ముగ్గురం మిగిలాం. నేను పట్టుచీర సర్దుకుని, భక్తిగా బొమ్మ నొక్కాను. డిస్క్ ఇంకా వాడుకలో ఉంది, తర్వాత ప్రయత్నించండి అని వచ్చింది. కాసేపాగి మళ్లీ నొక్కాను. అదే మాట. చిన్నాన్న కళ్లజోడు తుడుచుకుని తనూ నొక్కాడు. ఊహూఁ.

"ఏటంటంది?" అంది అత్త.

"పన్లో ఉందంటంది అప్పా" అన్నాడు చిన్నాన్న అక్కతో.

"ఏటి పని? మనమేటీ సెయ్యట్నేదు కదరా?"

"మనకి అవుపించదు. నోపల సేసుకుంటాది."

"పోనీ షట్ డౌన్ సేసేద్దాం చిన్నాన్నా" అన్నాను.

"పన్లో ఉన్నదాని గొంతు నొక్కెస్తావేటే? ఫొటోలన్నీ పోతే?"

నేను మౌసు మీంచి చెయ్యి తీసేశాను. ఇంతలో హాలు నుంచి నాన్న ఫోను: "మీ తాతొచ్చి కూకున్నాడు. బేగి రండి." చిన్నాన్న గదిలో అటూ ఇటూ తిరిగి, మంచి లెక్కకి జవాబు దొరికిన మొహం పెట్టాడు. "యూపీఎస్ బేటరీ ఉంది కదా! ఆపకుండా కంప్యూటర్నే అట్టుకెలిపోదాం." అంత చదువుకున్న నాకు ఆ ఆలోచన అద్భుతంగా తోచింది.

తెర ఇంట్లోనే వదిలేశాం. చిన్నాన్న చంకలో గుర్రుమంటున్న కంప్యూటర్ డబ్బా, నా చేతుల్లో ఇటుకల మూటలాంటి యూపీఎస్, అత్త అరచేతిలో హారతి పళ్లెంలా హార్డ్ డిస్క్. వైర్లు పొట్టివి కావడంతో ముగ్గురం కొంగుముడి వేసుకున్నట్టు పక్కపక్కగా నడిచి ఆటో ఎక్కాం. గోడ నుంచి ప్లగ్గు పీకినప్పటినుంచీ యూపీఎస్ కీచుమంటూనే ఉంది.

గేట్ బజార్‌లో బట్టల మూటల రిక్షాల మధ్య ఆటో ఇరుక్కుంది. డ్రైవర్ వెనక్కి తిరిగి, "కోడిపిల్లలేటండి?" అన్నాడు.

"కాదు నాయినా, మా నాన్నమ్మ ఉందిందులో. బేగి పోనీ" అంది అత్త.

అతను డబ్బా వైపు ఒకసారి చూసి, నుదుటికి చెయ్యి తాకించుకుని, ఇక చూడండి, ఒడియాలో కేకలు వేస్తూ, హారన్ మోగిస్తూ ఆ రద్దీని చీల్చుకుంటూ పోయాడు. సరిగ్గా బజారు దాటుతుండగా యూపీఎస్ ఏకధాటిగా అరిచి, ఠక్కున ఊరుకుంది. డబ్బాలో గుర్రు కూడా ఆగింది. చిన్నాన్న దాని మీద చెయ్యి వేసి చూశాడు.

"పోయింది" అన్నాడు.

డ్రైవర్ అది విని, పాపం, గౌరవంగా బండి వేగం తగ్గించాడు. (అతను ఏమనుకున్నాడో అడిగే ధైర్యం మాకు లేకపోయింది.)

హాల్లో ప్రొజెక్టర్‌కి ఒక ల్యాప్‌టాప్ తగిలించి ఉంది. చిన్నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను డిస్క్‌ని దానికి గుచ్చాను. ఒక ఫోల్డరు, తర్వాత ఇంకొకటి... అన్నీ ఉన్నాయి! అత్త నా బుగ్గలు పుణికి, చిన్నాన్న వీపు మీద ఒక్కటిచ్చింది.

తాతయ్య వాళ్లమ్మ ఫొటో తెర మీదకి వచ్చేసరికి ఆయన లేచి దగ్గరగా నడిచారు. "ఎవులమ్మా ఈ పాప?"

"మీ అమ్మ, తాతయ్యా."

తాతయ్య తెరకి ఇంకా దగ్గరగా జరిగారు. "మా అమ్మ ఇంత సిన్నపిల్లా!" అని పకపకా నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే. తర్వాతి ఫొటో వేయనివ్వలేదు. కుర్చీ అక్కడికే తెప్పించుకుని, వచ్చినవాళ్లందరికీ ఆవిణ్ణి పరిచయం చేస్తూ, లడ్డూలు పంచుతూ కూర్చున్నారు. నేను కష్టపడి స్కాన్ చేసిన మిగతా చుట్టాలంతా ఆ సాయంత్రం డిస్క్‌లోనే ఉండిపోయారు.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చాక అసలు కిటుకు తెలిసింది. నేను ఫొటోలు చూసుకుని, తెర మీది ఆ విండో మూయకుండా కిందకి తోసేశానన్నమాట. దాన్ని మూస్తే సరిపోయేది. లేదా నేనన్నట్టే షట్ డౌన్ చేసి, నిమ్మళంగా తీసుకుపోయినా సరిపోయేది. మొన్న ఆఫీసులో అదే మాట తెర మీద కనిపిస్తే, తెరిచి ఉన్నది మూసి, క్షణంలో డ్రైవ్ తీసేసుకున్నాను. పని అయిపోయింది గానీ, ఎందుకో చప్పగా అనిపించింది. పట్టుచీర నలిగిపోతున్నా యూపీఎస్‌ని ఒళ్లో పెట్టుకుని, లోకాన్ని కాపాడుతున్నట్టు ఆటోలో కూర్చున్న ఆ పిల్ల ఎదురుపడితే మాత్రం, ఈ కిటుకు చెప్పడానికి నాకు మనసు రాదు.