తాడు పట్టుకున్నాడమ్మా

ఐర్లండ్‌లో, ట్రాలీ అనే ఊరి ఆసుపత్రిలో ఆయన నాకు సీనియర్ డాక్టరు, గుంటూరు మనిషి. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్‌లో జపాన్ చిన్న కంపెనీల రెజ్లింగ్ చూసేవారు. గెలుపెవరిదో ముందే అనుకుంటారట, తన్నులు మాత్రం నిజంగానే తగిలేవి. పట్టులో చిక్కినవాడు రింగు తాడు అందుకుంటే రిఫరీ వదలమంటాడు, అవతలివాడు వదిలేయాలి. తాడు పట్టినవాడికి పాయింటు పోతుంది, ప్రాణం తెరిపిన పడుతుంది. అప్పుడు ఈయన కూడా "హమ్మయ్య" అని వెనక్కి వాలేవారు.

ఒకరోజు ఒక ముసలి పేషెంటుకు నరం దొరక్క మళ్లీ మళ్లీ సూది గుచ్చుతున్నాను. "గ్రాండ్, గ్రాండ్" అని, అక్కడివాళ్ల మాటలో బాగానే ఉందంటూనే అతను మంచం కడ్డీ బిగించి పట్టుకున్నాడు. సార్ నా భుజం తట్టారు.

"తాడు పట్టుకున్నాడమ్మా, వదిలెయ్. కాసేపాగి నేను చూస్తాలే."

ఆ వారమే, రౌండ్స్ అయ్యాక, సార్ కారిడార్ గోడకున్న కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడ్డారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తాడు పట్టుకున్నారు సార్. ఇంటికెళ్లండి" అన్నాను.

నీరసంగా నవ్వారు. "పట్టుకున్నాను సరే. వదలమని చెప్పే రిఫరీ ఎక్కడమ్మా?"

జేబులో, వార్డు నుంచి డాక్టర్లను పిలిచే బ్లీపర్ మోగింది. కడ్డీ మీంచి చెయ్యి తీసి వార్డులోకి నడిచారు.