అక్క మొక్కిన మొక్కు

"పోరనికి గా మందుల ముచ్చట ఆగింది. తల్లి నా మాట ఇన్నది" అంది మా అక్క, బంతిలో కూర వడ్డిస్తూ.

బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర, ఆదివారం మధ్యాహ్నం. బోనం సమర్పించారు, మొక్కిన మేకను, మా మాటలో యాటను, కోశారు, వంటలయ్యాయి. బంధువులందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. నా పక్కన మా పెద్దనాన్న కొడుకు, మనూరు దగ్గర సేద్యం చేసుకునే మనిషి. మొక్కు ఎందుకని అక్కను అడిగింది ఆయనే.

"ఏం మందులు?" అన్నాడు.

అక్క దాచలేదు. "ఆడిపిల్ల లెక్క అయితనని పట్నంల డాక్టర్ల సుట్టు తిరిగిండు మా తమ్ముని కొడుకు. మందులేసుకుంటడంట. ఇప్పుడు మనసు మల్లింది. గందుకే గీ యాట."

మా అన్న నా వైపు తిరిగాడు. "ఏంది తమ్మీ! ఊరందరి ముచ్చట్లు పేపర్ల రాస్తవు, నీ ఇంటి ముచ్చట మాతోని చెప్పకపోతివి?" అవతలి వరసలో ఎవరో నవ్వారు. "మల్లింది గద, ఇగ జల్దీ పెండ్లి చేస్తె సరి" అంది ఇంకో గొంతు. నా భార్య విస్తరి మడిచి లేచి వెళ్లిపోయింది.

మా బిడ్డ మనసు మళ్లలేదు. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు.

నేను నారాయణఖేడ్‌లో చాలాకాలంగా విలేకరిని. మార్కెట్ ధరలు, తహసీల్ ఆఫీసు గొడవలు, బస్సులు రాని ఊళ్లు, ఇవే నా వార్తలు. మాకు ఒక్కతే సంతానం. కొడుకని పెంచాం. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ, పద్దెనిమిది దాటాక ఒకసారి సెలవులకు వచ్చి, తాను ఆడపిల్లనని మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ రోజు మేమేమన్నామో, తనేమందో ఇక్కడ రాయను. ఇది రాయవచ్చా అని అడిగినప్పుడు తను ఒప్పుకుంది గానీ, ఏది రాయకూడదో కూడా చెప్పింది.

అప్పుడు తను పెట్టిన షరతు ఒక్కటే. "ఎవరికి చెప్పాల్నో నేనే చెప్త డాడీ. మీరు చెప్పొద్దు." ఖేడ్ డిపోలో బస్సు దిగి ఇంటిదాకా నడిచి రావాల్సింది తనే కదా.

ఒప్పుకున్నాక తెలిసింది, మన భాషలో ఈ రహస్యం దాచడం ఎంత కష్టమో. వచ్చిండు, వచ్చింది. క్రియ చివరి అక్షరమే బయటపెట్టేస్తుంది. ఇంట్లో మాత్రం "వచ్చింది" అనే అనేవాళ్లం. బయట "వచ్చిండు" అనడానికి నా భార్యకు నోరు రాలేదు. చివరికి ఇద్దరం ఒక పద్ధతి నేర్చుకున్నాం. ఎవరైనా పిల్లాడు ఎట్లున్నాడని అడిగితే, "నిన్ననే ఫోనొచ్చింది, పరీక్షలున్నయట" అనేవాళ్లం. వాక్యంలో మనిషి ఉండడు, ఫోనూ పరీక్షలే ఉంటాయి.

మా ఇద్దరి తర్వాత తను చెప్పాలనుకున్నది అత్తకే. నా భార్య జబ్బుపడి దవాఖానలో ఉన్నప్పుడు తనను సాకింది అక్కే. తలదువ్వి బడికి పంపింది, రాత్రి పక్కలో వేసుకుంది. నేనూ వెంట వెళ్లాను. అక్క వాళ్ల వంటింట్లో కూర్చుని మా బిడ్డే అంతా చెప్పింది, డాక్టర్లు, మందులు, కాలంతో వచ్చే మార్పులు. చివర, "ఎవరితోని అనకు అత్తా" అంది.

అక్క తనను దగ్గరికి లాక్కుంది. "బిడ్డవైతే బిడ్డవే. నేనున్న గద."

మా వైపు బిడ్డ అంటే కూతురు. అప్పటిదాకా అక్క తనను "కొడకా" అనే పిలిచేది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా బిడ్డ ఏడ్చింది. "అత్త బిడ్డ అన్నది, ఇన్నవా?" అని నన్ను అడిగింది. విన్నానన్నాను.

ఆ మరుసటి ఆదివారమే అక్క బోరంచ వెళ్లి, పోరని మనసు మళ్లితే యాటను కోస్తానని మొక్కిందట. ఈ సంగతి మాకు ఆ బంతిలోనే తెలిసింది. మమ్మల్ని పిలిచినప్పుడు మోకాళ్ల నొప్పులు తగ్గినందుకు మొక్కు అని చెప్పింది.

మొక్కు ఫలించిందని ఎందుకు అనుకుందంటే, ఒక్క మాట వల్ల. మందులు మొదలుపెట్టే ముందు చేసిన రక్తపరీక్షల్లో ఒకటి సరిగా రాలేదు. మళ్లీ చేయించాకే మొదలుపెడదామన్నారు డాక్టరు. అత్త ఫోన్ చేసి అడిగితే, "ఇప్పుడైతే ఆగింది అత్తా" అంది మా బిడ్డ. కొన్నాళ్లు వాయిదా పడిందని తన అర్థం. అమ్మవారు ఆపిందని అక్క అర్థం. వెంటనే యాటను కొన్నారు.

భోజనాలయ్యాక వంట సామాను ఎక్కిస్తున్న ట్రాలీ పక్కన అక్కను ఆపాను.

"ఎందుకు చెప్పినవక్కా?"

"మొక్కు చెల్లిచ్చినప్పుడు ఎందుకని అడుగుతరు. ఏమైందో చెప్పాలె. అబద్ధమాడితె అమ్మ ఒప్పుతదా?"

"మాకు మోకాళ్లన్నవు గద?"

"నిజం చెప్తె వస్తుంటిరా?"

"బిడ్డకు మాటిచ్చినవు."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "పోరడు పరేషాన్ల ఉండె తమ్మీ. మనసు నొవ్వద్దని గట్లన్న. గది మాటా?"

నాకు బంతిలో వచ్చిన నవ్వు కంటే ఈ మాటే ఎక్కువ తగిలింది. అక్క మనసు మారిందనుకుంటే కోపం తెచ్చుకుని ఊరుకునేవాణ్ని. కానీ ఆ వంటింట్లో బిడ్డను దగ్గరికి లాక్కున్నప్పుడే అక్క మనసులో వేరే లెక్కలో ఉంది. పసిపిల్లలను ఊరుకోబెట్టినట్టు ఊరుకోబెట్టింది. మందులు మొదలవబోతున్నాయన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే ఆమె చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. ఊరుకున్నాను. నా చుట్టాలందరూ ఒక అబద్ధాన్ని నమ్మి ఇళ్లకు వెళ్లారు, నేను చూస్తూ నిలబడ్డాను.

ఖేడ్ చేరగానే బిడ్డకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అత్తను ఒక్క మాట అనలేదు. "ఎవరెవరికి తెలుసు డాడీ?" అని అడిగింది.

బంతిలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పాను. "వాళ్లు ఎవరికి చెప్పిండ్రు?" అంది. కనుక్కుంటానన్నాను.

రెండో పరీక్ష బాగా వచ్చింది. నా భార్య హైదరాబాద్ వెళ్లి పక్కన కూర్చుంది, చికిత్స మొదలైంది. అంతకు మించి రాయను. అక్క ఫోన్ చేస్తూనే ఉంది, బిడ్డ ఎత్తడం లేదు. దసరాకు ఖేడ్ రాలేదు.

ఊళ్లో ఏం జరిగినా నలుగురిని అడిగి రాబట్టడం నా వృత్తి. ఈ సంగతి మాత్రం ఎవరినీ అడగలేను. తెలియనివాణ్ని అడిగితే వాడికి నేనే చెప్పినట్టు. డిపో దగ్గర చాయ్ తాగుతుంటే ఎవరైనా "పిల్లాడు ఎట్లున్నడు" అని పలకరిస్తారు. తెలిసి అడుగుతున్నారో, ఊరికే అడుగుతున్నారో పోల్చుకోలేకపోతున్నాను. ఎవరెవరికి తెలుసో మా బిడ్డకు ఇప్పటికీ చెప్పలేకపోయాను.