రేచీకటి విడిచిన సాయంత్రం

మొన్న మా మేనకోడలి పసిబిడ్డకు టీకా వేయించడానికి సీతమ్మధారలోని పిల్లల క్లినిక్కుకు నేనూ తోడు వెళ్ళాను. సూది వేశాక నర్సమ్మ చిన్న చెంచాలో నారింజ రంగు మందు పోసి పాప నోట్లో ఒంపింది. పాప మూతి ముడిచింది, మేనకోడలు నవ్వింది, నేను మాత్రం అది ‘ఎ’ విటమిన్ అని అడక్కుండానే గుర్తుపట్టి, కళ్ళు చెమరుస్తుంటే బయటికొచ్చి నిలబడ్డాను.

తొంభైల నాటి మాట. నాకు పోర్టులో కొత్తగా ఉద్యోగమైంది. సముద్రపొడ్డున ఒకే ఇంట్లో అమ్మ, అక్క, బావ, నాలుగేళ్ళ ఈ మేనకోడలు, నేనూ ఉండేవాళ్ళం. బావ తెప్ప మీద వేటకు వెళితే, అక్క చేపల గంప నెత్తిన పెట్టుకొని పూర్ణా మార్కెట్టుకు పోయేది. ఆ ఏడు పిల్లకు తట్టు పోసింది. అది తగ్గిందో లేదో విరేచనాలు పట్టుకున్నాయి. పథ్యమని నెలల తరబడి గంజి, చారన్నమే పెట్టాం. ఒళ్ళు తేరుకుంది గానీ, పగలంతా ఇసకలో పరుగులు తీసే పిల్ల దీపాలు పెట్టే వేళకు గోడ తడుముకుంటూ నడిచేది. మేమంతా భయమనుకున్నాం. ఒక సాయంత్రం ఎదురుగా ఉన్న బిందెకు తగిలి బోర్లా పడింది.

అమ్మ ఎత్తుకొని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. “బయ్యం కాదురా ఇది. సీకటి పడితే పిల్లకి ఏటీ అవుపడ్డం లేదు. రేసీకటి,” అంది. మార్కెట్టు నుంచి అప్పుడే వచ్చిన అక్క గంప దించి అక్కడే కూలబడింది.

మర్నాడు అక్కా నేనూ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ లైటు వేసి చూసి, తెల్లగుడ్డు మీద సబ్బునురుగు అంటినట్టున్న మచ్చను మాకూ చూపించింది. ఇంకా ఆలస్యమైతే నల్లగుడ్డు మెత్తబడి పుండు పడేదని, చూపు పూర్తిగా పోయేదని చెప్పింది.

“మరి ఇప్పుడు సూపు వత్తాదా అమ్మా?” అని అడిగింది అక్క.

“వస్తుందమ్మా. వేళకే తెచ్చారు,” అని డాక్టరమ్మ నారింజ రంగు నూనెమందు పిల్ల నోట్లో పోసింది. మర్నాడొకసారి, రెండు వారాలకు మరోసారి తెమ్మంది. ఎక్కువైనా హానేనని, సొంతంగా కొని పొయ్యొద్దని హెచ్చరించింది. మసక వెలుతురును పట్టుకునే పదార్థం కంటి లోపల ఉంటుందని, అది తయారవ్వాలంటే ‘ఎ’ విటమిన్ కావాలని, దాన్ని ఒళ్ళు తనంతట తాను పుట్టించుకోలేదని, తిన్నదాన్నే కాలేయంలో దాచుకుంటుందని ఆవిడ చెబుతుంటే నోరు తెరుచుకొని విన్నాను. కంటి పైపొర, గొంతు, పేగుల లోపలి పొర కూడా దాని వల్లే గట్టిగా ఉండి రోగాన్ని అడ్డుకుంటాయట. దాచుకున్నదంతా తట్టు, విరేచనాలు ఊడ్చుకుపోయాయి, పెట్టాల్సింది మేము పెట్టలేదు. తోటకూర, మునగాకు, బొప్పాయి, గుడ్డు, కాలేయం పెట్టమంది. చూపంటే దేవుడిచ్చినదనుకున్నవాణ్ణి, అది తోటకూరలో కూడా ఉందంటే ఆ రోజంతా ఆశ్చర్యం నుంచి తేరుకోలేకపోయాను.

రెండో మోతాదు పడిన మర్నాటి సాయంత్రం పిల్లను చెయ్యి పట్టుకొని ఒడ్డుకు తీసుకెళ్ళాను. పొద్దు గూకింది. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత నాకే సరిగా కనబడటం లేదు. పిల్ల నా చెయ్యి విదిలించుకుంది.

“మావయ్యా, అల్లదిగో నాన్న తెప్ప.”

నేను కళ్ళు చికిలించి చూస్తే, నిజమే, అలల మీద నల్లగా కదులుతోంది. బావ ఒడ్డెక్కి సంగతి విని, వలలోంచి ఒక చేపను తీసి ఆ మసకలోనే పిల్ల ముందు పట్టుకున్నాడు.

“ఇదేటి, సెప్పమ్మా?”

“కవ్వ, నాన్నా.”

అది కవ్వ చేపే. బావ తడి చేతులతోనే పిల్లను భుజానికెత్తుకొని ఇంటిదాకా దించలేదు.

ఇప్పుడు మా ఒడ్డున పొద్దు గూకీ గూకకముందే వీధి దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఈ తరం తల్లులకు రేచీకటి అన్న మాటే తెలియదు, తెలియాల్సిన అవసరం రాలేదు, అందుకు సంతోషమే. కానీ పిల్ల నడక చూసి కంటి సంగతి పసిగట్టిన మా అమ్మా లేదు, ఆ దీపాల ధాటికి నీళ్ళ మీద ఆ మసక వెలుతురూ లేదు. అప్పుడప్పుడు ఒడ్డున కూర్చుని వెతుక్కుంటాను గానీ, దొరకదు.